అమెరికా ఎన్నికలో 269–269 వస్తే

మీ ప్రశ్న ఇది: అమెరికా అధ్యక్ష ఎన్నికలో ఇద్దరికీ సరిగ్గా 269 చొప్పున ఎలక్టోరల్ ఓట్లు వస్తే ఏం చేస్తారు? మళ్ళీ పోలింగ్ పెడతారని మీరు, సుప్రీంకోర్టు తేలుస్తుందని మీ నాన్నగారు, దేశం మొత్తం మీద ఎక్కువ ఓట్లు వచ్చినవాళ్ళకే ఇచ్చేస్తారని మీ అక్క పందెం కాశారు. ముగ్గురూ ఓడిపోయారు. ఆ డబ్బులు మీ అమ్మగారి చేతిలో పెట్టేయండి.

నేను నెబ్రాస్కాలోని ఒమాహాలో ఇరవై ఏళ్ళకు పైగా ఉంటున్నాను. సిటిజన్‌షిప్ ఇంటర్వ్యూకి వెళ్ళే మనవాళ్ళ చేత ఆదివారాలు ఆ ప్రశ్నలూ జవాబులూ చదివిస్తుంటాను. సెనేటర్లు ఎంతమంది, హౌస్‌లో ఓటున్న సభ్యులు ఎంతమంది అన్నవి అందులో ఉంటాయి. టై గురించి ఉండదు. అయినా నాలుగేళ్ళకోసారి ఎవరో ఒకరు తప్పకుండా అడుగుతారు. మా ఊరికి ఇది ఇంటి విషయం లాంటిది కూడా. అదెందుకో చివర్లో చెప్తాను.

ముందు సూటిగా జవాబు. టై అయితే అధ్యక్షుణ్ణి ప్రతినిధుల సభ, అంటే హౌస్, ఎన్నుకుంటుంది. కానీ అక్కడి 435 మంది తలా ఒక ఓటు వేయరు. రాష్ట్రానికి ఒక్క ఓటు. 50 ఓట్లలో 26 వచ్చినవాళ్ళు అధ్యక్షుడు. ఉపాధ్యక్షుణ్ణి మాత్రం సెనేట్, అంటే ఎగువ సభ, విడిగా ఎన్నుకుంటుంది. అక్కడ సెనేటర్‌కి ఒక ఓటు, 51 రావాలి.

ఇప్పుడు వివరంగా చూద్దాం.

జనం ఓట్లు నేరుగా అధ్యక్షుణ్ణి ఎన్నుకోవు. రాష్ట్రానికి ఇంతమంది అని ఉండే ఎలక్టర్లని ఎన్నుకుంటాయి, వాళ్ళు వేసేవే ఎలక్టోరల్ ఓట్లు. అవి మొత్తం 538. హౌస్ సభ్యుల సంఖ్య 435, సెనేటర్ల సంఖ్య 100, రాజధాని వాషింగ్టన్ డీసీకి 1961లో 23వ సవరణ ఇచ్చిన 3. సరిసంఖ్య కాబట్టే 269–269 అన్న పీడకలకు చోటు దొరికింది. గెలవడానికి 270 కావాలి. ఇక్కడ చాలామంది పొరబడేది ఒకటుంది. రాజ్యాంగం సమానంగా వచ్చాయా లేదా అని చూడదు, ఎవరికైనా మెజారిటీ వచ్చిందా లేదా అనే చూస్తుంది. 269–269 అయినా, మూడో మనిషి కొన్ని ఓట్లు పట్టుకుపోయి 265–260–13 అయినా రెండూ ఒకటే. ఎవరికీ 270 లేదు, కాబట్టి హౌస్‌కి పోతుంది.

మన రాష్ట్రపతి ఎన్నికలోనూ సగం దాటాలన్న నిబంధన ఉంది. 1969లో వి.వి. గిరి, నీలం సంజీవరెడ్డి తలపడినప్పుడు మొదటి ప్రాధాన్యం ఓట్లలో గిరికి 4,01,515, రెడ్డికి 3,13,548 విలువ వచ్చింది. ఎవరూ సగం దాటలేదు. మూడో స్థానంలో ఉన్న సి.డి. దేశ్‌ముఖ్‌తో పాటు మిగతావాళ్ళ ఓట్లలో రెండో ప్రాధాన్యం లెక్కేసి గిరి గెలిచారని తేల్చారు. చూడండి, తర్వాత ఏం చేయాలన్నది మన బ్యాలెట్ కాగితం మీదే రాసి ఉంటుంది. అమెరికాలో ఆ ఏర్పాటు లేదు. మెజారిటీ రాకపోతే ఓటు మీ చేతిలోంచి పోయి వేరేవాళ్ళ చేతికి వెళ్తుంది, ఆ చేతికి లెక్క కూడా వేరే.

అయితే నవంబర్ రాత్రి టీవీలో 269–269 అని కనపడినంత మాత్రాన అది ఇంకా టై కాదు. ముందు రీకౌంటింగ్‌లు ఉంటాయి. 2000లో ఫ్లోరిడా మొత్తం 537 ఓట్ల తేడా మీద ఆగింది. అలాంటి రాష్ట్రం ఒక్కటి ఉన్నా అంకెలు మారిపోవచ్చు. మీ నాన్నగారి సుప్రీంకోర్టుకి పని ఏమైనా పడితే ఇక్కడే పడుతుంది. ఏ ఓట్లు చెల్లుతాయి, లెక్కింపు ఎప్పుడు ఆపాలి అన్న తగవుల మీద. 269–269 ఖాయమయ్యాక ఎవరు అధ్యక్షుడో చెప్పే అధికారం కోర్టుకు రాజ్యాంగం ఇవ్వలేదు.

తర్వాత డిసెంబర్. రెండో బుధవారం తర్వాత వచ్చే మంగళవారం ఎలక్టర్లు తమ తమ రాష్ట్రాల్లో సమావేశమై ఓట్లు వేస్తారు. ఎలక్టర్లంటే పార్టీ నమ్మి పెట్టుకున్న కార్యకర్తలు, స్థానిక నాయకులు. చాలా రాష్ట్రాల్లో చట్టం వాళ్ళని మాటకు కట్టేస్తుంది. 2020 జులైలో సుప్రీంకోర్టు ఆ చట్టాలు చెల్లుతాయని తీర్పిచ్చింది. కట్టేయని రాష్ట్రాలు ఇంకా ఉన్నాయి. 269–269 దగ్గర ఒక్కరు అటు గెంతితే 270 అయిపోతుంది. ఆ నెలన్నరలో ఒక్కో ఎలక్టర్ ఇంటి ముందు ఎన్ని కార్లు ఆగుతాయో, ఎన్ని ఫోన్లు మోగుతాయో ఊహించుకోండి. మన దగ్గర అయితే రిసార్టుకి తీసుకెళ్ళి కూర్చోబెడతారు.

ఇదేమీ గాలి మాట కాదు. 2016లో ఏడుగురు ఎలక్టర్లు తమ పార్టీ అభ్యర్థికి కాకుండా వేరేవాళ్ళకి ఓటేశారు. అందులో మూడు ఓట్లు మాజీ విదేశాంగ మంత్రి కొలిన్ పావెల్‌కి పడ్డాయి, ఆయన అసలు పోటీలోనే లేడు. ట్రంప్‌కి 304 వచ్చాయి కాబట్టి అదొక వింత వార్తగా మిగిలిపోయింది. మెజారిటీ రాకపోయి ఉంటే మాత్రం వింత వార్త కాదు. హౌస్ ఎంచుకోవాల్సింది ఎలక్టోరల్ ఓట్లలో మొదటి ముగ్గురిలోంచి. మూడు ఓట్లతో ఆ మూడో పేరు పావెల్‌దే అయ్యేది.

జనవరి 3న కొత్త కాంగ్రెస్ కొలువు తీరుతుంది. 6న ఉభయ సభలూ కలిసి కూర్చుంటాయి, ఎలక్టోరల్ ఓట్ల కవర్లు విప్పి లెక్కిస్తారు. 2021లో ఈ లెక్కింపు మీద జరిగిన గొడవ తర్వాత 2022లో చట్టాన్ని సవరించారు. లెక్కింపుకి అధ్యక్షత వహించే ఉపాధ్యక్షుడి పాత్ర కేవలం లాంఛనం అని స్పష్టంగా రాశారు, అభ్యంతరం లేవనెత్తాలంటే రెండు సభల్లోనూ ఐదో వంతు సభ్యుల సంతకాలు కావాలన్నారు. లెక్క పూర్తయి ఎవరికీ మెజారిటీ లేదని తేలితే హౌస్ ‘వెంటనే’ ఓటింగ్ మొదలుపెట్టాలి. వెంటనే అన్నది రాజ్యాంగంలోని మాటే.

ఇక అసలు కథ. రాష్ట్రానికి ఒక ఓటు అంటే ఏమిటో మన దగ్గరకి తెచ్చి చూడండి. లోక్‌సభ ప్రధానిని ఇలాగే ఎన్నుకుంటుందనుకోండి. యూపీ ఎంపీలు 80 మందీ ఒక గదిలో కూర్చుని తమలో తాము ఓటేసుకుని చివరికి ఒక్క ఓటు తెస్తారు. మన ఆంధ్రా ఎంపీలు 25 మంది కలిసి ఒకటి, తెలంగాణ 17 మంది కలిసి ఒకటి. సిక్కిం నుంచి వచ్చిన ఒకే ఒక్క ఎంపీ మాత్రం ఎవరితోనూ మాట్లాడక్కర్లేకుండా తన జేబులోంచి ఒక ఓటు తీస్తాడు. అన్నిటి బరువూ సమానం!

అమెరికాలో కాలిఫోర్నియా జనాభా 2020 లెక్కల ప్రకారం మూడు కోట్ల 95 లక్షలు, 52 మంది సభ్యులు. వయోమింగ్ జనాభా ఆరు లక్షలు కూడా లేదు, ఒకే సభ్యుడు. హౌస్‌లో ఇద్దరికీ చెరో ఓటు. అలా ఒకే సభ్యుడున్న రాష్ట్రాలు ఇప్పుడు ఆరు: అలాస్కా, డెలావేర్, నార్త్ డకోటా, సౌత్ డకోటా, వెర్మాంట్, వయోమింగ్. వాషింగ్టన్ డీసీ నుంచి ముగ్గురు ఎలక్టర్లు ఉంటారు గానీ అది రాష్ట్రం కాదు, కాబట్టి ఈ ఓటింగ్‌లో దాదాపు ఏడు లక్షల మందికి నోరే లేదు. ఒక రాష్ట్రం సభ్యులు సగం సగం చీలిపోతే ఆ రాష్ట్రం ఓటు ఎవరికీ చేరదు. అయినా గెలవడానికి కావాల్సింది 26 నుంచి తగ్గదు. కోరం కోసం 34 రాష్ట్రాల నుంచి కనీసం ఒక్కో సభ్యుడైనా సభలో ఉండాలి. అంటే 17 రాష్ట్రాల వాళ్ళు కూడబలుక్కుని బయట కూర్చుంటే ఓటింగే సాగదు.

అందుకే మీ అక్కకి చెప్పండి, దేశం మొత్తం మీద ఎక్కువ ఓట్లు అన్నది ఇక్కడ లెక్కలోకే రాదు. అంతకంటే విచిత్రం, హౌస్‌లో ఎక్కువ సీట్లున్న పార్టీకే గెలుపు అన్న హామీ కూడా లేదు. 2020నే తీసుకోండి. బైడెన్‌కి 306 వచ్చాయి. ఆయన అరిజోనాలో 10,457, జార్జియాలో 11,779, విస్కాన్సిన్‌లో 20,682 ఓట్ల తేడాతో గెలిచాడు. మూడు తేడాలూ కలిపినా 43 వేలు లేవు. ఆ మూడు రాష్ట్రాలూ ట్రంప్ వైపు పోయి ఉంటే వాటి ఎలక్టోరల్ ఓట్లు 11, 16, 10 తీసేయాలి. 306లోంచి 37 పోతే సరిగ్గా 269! ఆ ఎన్నికలో హౌస్‌లో డెమోక్రాట్లు 222 సీట్లతో మెజారిటీ సాధించారు. కానీ రాష్ట్రాల వారీగా చూస్తే 27 రాష్ట్రాల్లో రిపబ్లికన్ సభ్యులే ఎక్కువ. 20 రాష్ట్రాల్లో డెమోక్రాట్లు. మిషిగన్, మిన్నెసోటా, పెన్సిల్వేనియా సమానంగా చీలి ఉన్నాయి. అంటే డెమోక్రాట్ల చేతిలో ఉన్న సభే రిపబ్లికన్‌ని ఎన్నుకునే పరిస్థితి.

అది కూడా అంత ఖాయం కాదు. ఆ 27లో ఒకటి వయోమింగ్. దాని ఏకైక సభ్యురాలు లిజ్ చేనీ. జనవరి 13న ట్రంప్ అభిశంసనకి ఓటేసిన పదిమంది రిపబ్లికన్లలో ఆవిడ ఒకరు. ఆవిడ ఏం చేసి ఉండేదో నేను చెప్పను గానీ, ఆ ఒక్క ఓటు తప్పుకుంటే 27 కాస్తా 26 అవుతుంది. సరిగ్గా అంచు మీద. ఒక్క మనిషి, ఒక్క రాష్ట్రం.

ఇలా ఒక్క మనిషి దగ్గర దేశం ఆగిపోవడం ఇంతకుముందు జరిగింది కూడా. ఆ కథ నాకు మహా ఇష్టం కాబట్టి కాస్త సాగదీస్తాను.

1800 ఎన్నిక. అప్పట్లో ఒక్కో ఎలక్టర్ రెండు ఓట్లు వేసేవాడు. ఇది అధ్యక్షుడికి, ఇది ఉపాధ్యక్షుడికి అని విడిగా రాయడానికి లేదు. ఎక్కువ వచ్చినవాడు అధ్యక్షుడు, రెండోవాడు ఉపాధ్యక్షుడు. జెఫర్సన్ పార్టీ వాళ్ళు ఆయన్ని అధ్యక్షుడిగా, ఏరన్ బర్‌ని ఉపాధ్యక్షుడిగా అనుకున్నారు. అందుకు ఎవరో ఒక ఎలక్టర్ బర్‌కి వేయాల్సిన ఓటు ఒకటి పక్కకి పారేయాలి. ఇంకెవరో పారేస్తారులే అని అందరూ నిక్కచ్చిగా వేసేశారు. జెఫర్సన్ 73, బర్ 73. అవతలి పార్టీ అయిన ఫెడరలిస్టులు ఈ చిన్న పని మర్చిపోలేదు. వాళ్ళు అప్పటి అధ్యక్షుడు జాన్ ఆడమ్స్‌కి 65, పింక్నీకి 64 వేసి, మిగిలిన ఒక్కటీ జాన్ జేకి వేశారు. బర్ ‘నేను ఉపాధ్యక్షుడికే’ అని గట్టిగా ఒక్క మాట అని ఉంటే అయిపోయేది. అనలేదు.

విషయం హౌస్‌కి వచ్చింది. అప్పుడు 16 రాష్ట్రాలు, 9 కావాలి. 1801 ఫిబ్రవరి 11న ఓటింగ్ మొదలైంది. జెఫర్సన్‌కి 8, బర్‌కి 6, మేరీలాండ్, వెర్మాంట్ రెండూ సగం సగం. మళ్ళీ వేశారు, అదే ఫలితం. మళ్ళీ, అదే. రాత్రంతా వేశారు. మేరీలాండ్ సభ్యుడు జోసెఫ్ నికల్సన్ తీవ్రమైన జ్వరంతో ఉన్నాడు. ఆయన రాకపోతే మేరీలాండ్ బర్ ఖాతాలోకి పోతుంది. మంచు పడుతుంటే ఆయన్ని మోసుకొచ్చి పక్కగదిలో పడుకోబెట్టారు. ప్రతి రౌండుకీ పెట్టె ఆయన మంచం దగ్గరకి వెళ్ళేది. అలా 35 సార్లు వేసినా అంకె కదల్లేదు.

డెలావేర్‌కి ఒకే సభ్యుడు, జేమ్స్ బేయర్డ్. ఫెడరలిస్టు, తన పార్టీలో చాలామందిలాగే బర్ వైపు. మార్చి 4న ఆడమ్స్ పదవీకాలం అయిపోతోంది, ఇలాగే ఉంటే దేశానికి అధ్యక్షుడే ఉండడు. అవతల ఫెడరలిస్టు నాయకుడు అలెగ్జాండర్ హామిల్టన్ జెఫర్సన్‌తో పడకపోయినా, బర్ కంటే ఆయనే నయమని తన పార్టీ వాళ్ళకి ఉత్తరాల మీద ఉత్తరాలు రాశాడు. చివరికి ఫిబ్రవరి 17న, 36వ రౌండులో బేయర్డ్ ఖాళీ చీటీ వేశాడు. సౌత్ కరోలినా కూడా ఖాళీ. మేరీలాండ్‌లో బర్ వైపు వాళ్ళు ఖాళీ చీటీలు వేయడంతో ఆ రాష్ట్రం జెఫర్సన్‌కి వచ్చింది. వెర్మాంట్‌లో ఒక సభ్యుడు రాలేదు, మిగిలినవాడు మాథ్యూ లయన్. ప్రభుత్వాన్ని విమర్శించాడని జైల్లో పెడితే జైల్లోంచే మళ్ళీ గెలిచిన మనిషి. ఆయన ఓటు జెఫర్సన్‌కి. 10–4తో తేలింది. బేయర్డ్ జెఫర్సన్‌కి ఓటేయలేదు సుమా. అడ్డు తీశాడు, అంతే.

బర్, హామిల్టన్ పగ తర్వాత ఇంకా ముదిరింది. 1804 జులైలో ఇద్దరూ పిస్టళ్ళతో ద్వంద్వయుద్ధానికి దిగారు, హామిల్టన్ చనిపోయాడు. దాదాపు అంతకు నెల ముందే 12వ సవరణ అమల్లోకి వచ్చింది. అధ్యక్షుడికీ ఉపాధ్యక్షుడికీ విడివిడి ఓట్లు వేయడం అప్పటినుంచే. 73–73 లాంటి తమాషా మళ్ళీ జరక్కుండా ఆ సవరణ చేశారు గానీ, రాష్ట్రానికి ఒక ఓటు అన్న పద్ధతిని మాత్రం అలాగే ఉంచేశారు. నన్నడిగితే మార్చాల్సింది అదే. చిన్న రాష్ట్రాలు ఒప్పుకోవు కాబట్టి ఇప్పుడు మారే ఆశ లేదు.

ఆ తర్వాత హౌస్ దాకా వచ్చింది ఒక్కసారే, 1824 ఎన్నికలో. ఆండ్రూ జాక్సన్ 99, జాన్ క్విన్సీ ఆడమ్స్ 84, క్రాఫర్డ్ 41, హెన్రీ క్లే 37. జనం ఓట్లలోనూ జాక్సనే ముందు. మొదటి ముగ్గురే బరిలో ఉంటారు కాబట్టి క్లే బయటికి పోయాడు. కానీ ఆయనే హౌస్ స్పీకర్! తన బలగాన్ని ఆడమ్స్ వైపు తిప్పాడు. 1825 ఫిబ్రవరి 9న మొదటి రౌండులోనే ఆడమ్స్‌కి 24లో 13 రాష్ట్రాలు వచ్చాయి. కొద్ది రోజులకే క్లే విదేశాంగ మంత్రి. ఇది లాలూచీ బేరం అని జాక్సన్ వర్గం నాలుగేళ్ళు ఊరూరా చెప్పి, 1828లో ఆడమ్స్‌ని ఓడించింది.

ఇక మీరు అడిగిన రెండో ముక్క. అధ్యక్షుడు ఒక పార్టీ, ఉపాధ్యక్షుడు ఇంకో పార్టీ అవ్వచ్చా? అవ్వచ్చు. హౌస్ రాష్ట్రాల లెక్క ఒకటి, సెనేట్ లెక్క ఇంకొకటి. సెనేట్ మొదటి ఇద్దరిలోంచే ఎంచుకోవాలి. సెనేట్ ఇలా ఉపాధ్యక్షుణ్ణి ఎన్నుకోవడం ఒక్కసారే జరిగింది, 1837లో. వర్జీనియా ఎలక్టర్లు 23 మంది రిచర్డ్ జాన్సన్‌కి ఓటు వేయబోమని మొండికేయడంతో ఆయనకి మెజారిటీకి ఒక్క ఓటు తగ్గింది. సెనేట్ 33–16తో ఆయన్నే ఎన్నుకుంది.

హౌస్‌లో 1801లో లాగా రోజుల తరబడి తేలకపోతే? జనవరి 20 మధ్యాహ్నం 12 గంటలకి పాత అధ్యక్షుడి పదవి అయిపోతుంది, ఒక్క నిమిషం కూడా పొడిగింపు లేదు. ఆపాటికి సెనేట్ ఉపాధ్యక్షుణ్ణి ఎన్నుకుని ఉంటే, హౌస్ తేల్చేదాకా ఆయనో ఆవిడో అధ్యక్ష బాధ్యతలు చూస్తారు. సెనేట్ కూడా 50–50 దగ్గర ఆగిపోతే 1947 నాటి వారసత్వ చట్టం ప్రకారం హౌస్ స్పీకర్ వంతు. స్పీకర్ అందుకోసం తన పదవికి, సభ్యత్వానికి రాజీనామా చేయాలి. నాలుగు రోజుల తాత్కాలిక పదవి కోసం ఎవరైనా ఆ పని చేస్తారా అన్నది వేరే సంగతి. మన పంచాయతీ ఎన్నికల్లో లాగా చీటీ తీసి తేల్చే పద్ధతి ఈ పదవికి లేదు. వర్జీనియాలో మాత్రం 2018 జనవరిలో ఒక రాష్ట్ర శాసనసభ సీటుని గిన్నెలోంచి పేరు తీసే తేల్చారు.

ఇక మా ఒమాహా గొడవ. దాదాపు అన్ని రాష్ట్రాల్లోనూ గెలిచినవాడికే మొత్తం ఎలక్టర్లు. మెయిన్, నెబ్రాస్కా మాత్రం వేరు. ఇక్కడ రాష్ట్రం మొత్తం గెలిచినవాడికి రెండు, ఒక్కో నియోజకవర్గానికి ఒక్కటి. నెబ్రాస్కా అంతా ఎర్రగా, అంటే రిపబ్లికన్ల రంగులో ఉంటుంది, మా ఒమాహా ఉన్న రెండో నియోజకవర్గం 2008, 2020, 2024లో డెమోక్రాట్లకి వెళ్ళింది. 2024లో లెక్క ఎలా ఉందంటే, డెమోక్రాట్ అభ్యర్థి హారిస్ విస్కాన్సిన్, మిషిగన్, పెన్సిల్వేనియా గెలిచి మిగతా పోటాపోటీ రాష్ట్రాలు ఓడితే, మా ఒమాహా ఓటుతో 270. మా ఓటు తీసేస్తే 269–269.

అందుకని సెప్టెంబర్‌లో, పోలింగ్‌కి ఏడు వారాల ముందు, నెబ్రాస్కాని కూడా ‘గెలిచినవాడికే అన్నీ’ పద్ధతికి మార్చేయాలని రిపబ్లికన్లు ప్రయత్నించారు. సెనేటర్ లిండ్సే గ్రాహమ్ సౌత్ కరోలినా నుంచి ఇక్కడి దాకా వచ్చి వెళ్ళాడు. 49 మంది ఉన్న రాష్ట్ర సభలో 33 మంది ఒప్పుకుంటే ప్రత్యేక సమావేశం పెడతానని గవర్నర్ అన్నాడు. చివరికి మైక్ మెక్‌డానెల్ అనే ఒమాహా సభ్యుడి దగ్గర ఆగింది. అంతకుముందు ఫైర్‌మన్‌గా చేసినవాడు, ఆ ఏడే డెమోక్రటిక్ పార్టీ వదిలి రిపబ్లికన్లలో చేరినవాడు. సెప్టెంబర్ 23న ఆయన ఇప్పుడు మార్చడానికి ఒప్పుకోనని చెప్పేశాడు. బేయర్డ్ గుర్తొచ్చాడు నాకు.

ఆ శరదృతువంతా ఊళ్ళో ఇళ్ళ ముందు తెల్ల బోర్డులు. పేరు లేదు, పార్టీ లేదు, మధ్యలో డెమోక్రాట్ల రంగైన నీలంలో ఒక చుక్క. ఎదురుగా నెబ్రాస్కా ఆకారంలో ఎర్ర బోర్డులు. మా అమ్మ హైదరాబాద్ నుంచి వీడియో కాల్‌లో ఆ చుక్క చూసి ‘దిష్టి చుక్కా?’ అంది. చివరికి ట్రంప్ 312–226తో గెలిచాడు, మా ఒక్క ఓటు ఎటు పడ్డా తేడా లేకుండా పోయింది. పక్కింటి పెద్దాయన తన బోర్డు పారేయలేదు, గ్యారేజీలో మంచు తోసే పారల వెనక పెట్టుకున్నాడు. 2028కి పనికొస్తుందట.